ఫోటోలో వెనక మసక ఎందుకొచ్చింది?

ఈ రోజుల్లో పెండ్లి ఫోటో అయినా, పుట్టినరోజు ఫోటో అయినా, మొహం స్పష్టంగా ఉండి వెనకంతా మసకగా ఉంటే "ఎంత బాగుందో!" అంటాము. మా ఊరిగాంలోనూ అంతే. ఈ మసకను అందం కోసమే కనిపెట్టారని చాలామంది అనుకుంటారు. నేను చదివి తెలుసుకున్నది వేరే. ఫోటోలు తీసేవాళ్లు వెతుకుతూ పోయింది వెలుతురును. మసక దాని వెంట వచ్చింది.

ముందు అది ఎలా ఏర్పడుతుందో చూద్దాం. లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రాన్ని అపర్చర్ అంటారు. మన కంటిపాప లాగా అది పెద్దదవుతుంది, చిన్నదవుతుంది. 50 మిల్లీమీటర్ల లెన్స్‌ను ఎఫ్ 2 దగ్గర పెడితే ఆ రంధ్రం 25 మి.మీ. వెడల్పు ఉంటుంది. ఎఫ్ 16 దగ్గర పెడితే సుమారు 3 మి.మీ. మాత్రమే. ఫోకస్ చేసిన దూరంలో ఉన్న చుక్క ఫోటోలో చుక్కగానే పడుతుంది. దాని వెనక దూరంగా ఉన్న చుక్క బిళ్లలాగా పరుచుకుంటుంది. రంధ్రం ఎంత పెద్దదైతే బిళ్ల అంత పెద్దది. ఆ బిళ్లలు ఒకదానిమీద ఒకటి పడితే మనకు మసకగా కనిపిస్తుంది. అయితే ఎఫ్ 16 కంటే ఎఫ్ 2 దగ్గర 64 రెట్లు ఎక్కువ వెలుతురు లోపలికి వస్తుంది. అసలు కథ ఇక్కడే ఉంది.

1839లో ఫ్రాన్స్‌లో దగేర్ తన ఫోటో పద్ధతిని లోకానికి తెలిపినప్పుడు, ఒక్క ఫోటోకు నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవలసి వచ్చేది. ఎవరు కూర్చోగలరు? 1840లో వియన్నాలో గణితం ప్రొఫెసర్ జోసెఫ్ పెట్జ్‌వాల్ లెక్కలు వేసి ఎఫ్ 3.6 లెన్స్‌ను రూపొందించాడు. కూర్చునే సమయం బాగా తగ్గింది. మొహం స్పష్టంగా, అంచులు మసకగా వచ్చేవి. 1924లో జర్మనీలో ఎఫ్ 2 లెన్స్‌తో ఎర్మనాక్స్ కెమెరా వచ్చాక, ఫ్లాష్ లేకుండానే గదుల్లో ఫోటోలు తీయగలిగారు. 1966లో జైస్ కంపెనీ నాసా కోసం ఎఫ్ 0.7 లెన్స్ చేసింది. అలాంటి లెన్స్‌తోనే స్టాన్లీ కుబ్రిక్ "బారీ లిండన్" (1975) సినిమాలో కొవ్వొత్తుల వెలుతురులో దృశ్యాలు తీశాడు. అక్కడ నటులు కొంచెం ముందుకో వెనక్కో జరిగినా ఫోకస్ తప్పిపోయేది. అంటే ఆ మసక వాళ్లకు పెద్ద తలనొప్పి!

ఫోన్ లెన్స్ చాలా చిన్నది కాబట్టి దానితో ఇంత మసక రాదు. అందుకే సాఫ్ట్‌వేర్‌తో మసక చేస్తారు. 2016లో ఐఫోన్ 7 ప్లస్‌లో పోర్ట్రెయిట్ మోడ్ వచ్చింది. వెలుతురు కోసం ఒకప్పుడు ఒప్పుకున్న నష్టాన్ని ఇప్పుడు కావాలని చేసుకుంటున్నాము.

మన ఊరికి దీనితో ఏం సంబంధం అంటారా? మా ఇంట్లో తాత ఫోటోలు రెండున్నాయి. ఆయన ఊరిగాంలో గని పనికి పోయేవారు. ఒకటి స్టూడియోలో తీసింది. కళ్ల కింద ముడతలు కూడా కనిపిస్తాయి, వెనక ఏమీ లేదు. మద్రాసులో తీసినా అది అలాగే ఉంటుంది. రెండోది తోటి పనివారు ఎవరో ఎండలో తీసింది. అందులో మొహం చిన్నదే. వెనక షాఫ్ట్ మీది ఇనుప చట్రం, దానిపైన చక్రం, సైనైడ్ దిబ్బ, లైన్ ఇండ్లు, ఆరేసిన బట్టలు అన్నీ స్పష్టంగా ఉన్నాయి. మొదటి ఫోటో చూస్తే మా అవ్వ తాత గురించే మాట్లాడుతుంది. రెండోది చూస్తే "అదిగో మన లైను, ఆ మూల కొళాయి" అని ఊరంతా చెప్తుంది.

1902లో శివనసముద్రం నుంచి దాదాపు 150 కిలోమీటర్లు తీగలు లాగి ఈ గనులకు కరెంటు తెచ్చారు. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతబడ్డాయి. ఈ తేదీలు పుస్తకాల్లో దొరుకుతాయి. కానీ పనివాళ్ల ఇండ్లు ఎలా ఉండేవో, వాకిట్లో నిలబడితే ఏ చట్రం కనిపించేదో ఇలాంటి ఫోటోల వెనకభాగంలోనే ఉంది. మా తరంవాళ్లం ఆ చక్రం తిరగడం చూడనేలేదు. వెనకను మసక చేస్తే మాకు మిగిలేది మొహాలే.

మసక ఫోటోలు వద్దని నేను చెప్పడం లేదు. మొహం కోసం ఒకటి అలాగే తీయండి. తర్వాత పోర్ట్రెయిట్ మోడ్ ఆపేసి, మీ అవ్వాతాతలను ఇంటి ముందర నిలబెట్టి, వెనక దిబ్బ కనిపించేలా ఇంకొకటి తీయండి. దాన్ని కాగితంమీద వేయించి, వెనక తేదీ, చోటు, పేర్లు రాసిపెట్టండి.