కడప నీలితొట్టిలోని రసాయనము



ప్రాణుల దేహములలో నడచు రసాయన కార్యములను విచారించు విద్యకు జీవరసాయన శాస్త్రమని పేరు. ఆ పేరు వినగానే అది పట్టణములలోని గాజుపాత్రలకు సంబంధించినదని మనవారు తలంతురు. కాని దాని మొదటి పాఠములు మూడును మన సీమలోని నీలిమందు తొట్ల యొద్దనే చిరకాలము నడచినవి. ఆ పాఠములను, ఆ తొట్లు ఎండిపోయిన కారణమును నేడు మనవి చేసెదను.

1800 సంవత్సరమున నిజాము ఈ మండలములను ఇంగ్లీషు కంపెనీకి దత్తము చేసెను. ఆ శతాబ్దమున కడప, కర్నూలు జిల్లాల రైతులు నీలిని విస్తారముగా పండించిరి. ఆ సరకు చెన్నపట్టణము మీదుగా లండనుకు పోయెడిది. కడప పేరే అచ్చటి వర్తకుల నోట మాఱి ‘కుర్పా’ నీలి యని చెలామణి యైనది.

నీలిచెట్టు ఆకు పచ్చనిది. నీలిరంగు అందు కంటికి గానరాదు. మండలు కోసి తొట్టిలో నీట ముంచి, పైకి తేలకుండ బరువు పెట్టి, ఒక పూట నాననిచ్చెడివారు. నీరు పసుపు కలిసిన పచ్చనగును. దానిని దిగువ తొట్టిలోనికి వదలి, తెడ్లతో గంటలకొలది బాదెడివారు. నురుగు లేచి, నీరు క్రమముగా నీలవర్ణము దాల్చును. పిమ్మట సున్నపుతేట పోసిన మందు అడుగునకు దిగును. దానిని కాచి, గుడ్డలో వడగట్టి, అదిమి, బిళ్లలుగా కోసి నీడను ఆరబెట్టుదురు. ఇంతటితో పని ముగిసినది. విచారణ ఇచ్చట మొదలగుచున్నది.

మొదటి పాఠము పరమాణు సంయోగము. కణాద మహర్షి పరమాణువులను, అవి రెండు కూడిన ద్వ్యణుకమును జెప్పెను. ఆయనది తర్కమున తేలిన సిద్ధాంతము. నేటి రసాయనజ్ఞులది త్రాసున తేలిన లెక్క. ఆ లెక్క ప్రకారము నీలి అణువొకదానిలో కర్బన పరమాణువులు 16, ఉదజనివి 10, నత్రజనివి 2, ఆమ్లజనివి 2 గలవు. మన మాంసము సైతము ముఖ్యముగా ఈ నాలుగు మూలకముల కూర్పే. అవే అక్షరములతో తిట్టును వ్రాయవచ్చును, దీవెనయు వ్రాయవచ్చును గదా! పదార్థముల భేదమంతయు కూర్పునందున్నది.

రెండవ పాఠము కిణ్వము. దీనినే ఎంజైమందురు. నీలియాకులో ఇండికాను అను రంగులేని పదార్థము గలదు. అది ఇండాక్సిలు అను వస్తువును ద్రాక్షచక్కెరయు జతగూడినది. ఆకు నానినపుడు ఆకులోనే యున్న కిణ్వము నీటి సాయమున ఆ రెండింటిని విడదీయును. అన్నదమ్ములకు పంపకము చేసి తాను భాగము గొనని పెద్దమనిషివలె, కిణ్వము పని జరిపించును గాని తాను వ్యయము కాదు. ఇట్టి పెద్దమనుష్యులు మన నోటను గలరు. జొన్నరొట్టె ముక్కను మ్రింగక చాలసేపు నమలి చూడుడు, తియ్యనగును. లాలాజలమునందలి కిణ్వము పిండిని చక్కెరగా విడదీసినదన్నమాట.

మూడవ పాఠము ఆమ్లజని సంయోగము. తొట్టిని బాదుట గాలిని లోనికి చొప్పించుటకే. గాలిలోని ఆమ్లజని తగులగా రెండేసి ఇండాక్సిలు అణువులు జతపడి, నీట కరగని నీలియగును. మన ఊపిరితో లోనికి పోయిన ఆమ్లజనియు అట్లే ఆహారపు చక్కెరతో గూడును. నీరును బొగ్గుపులుసు గాలియు బయటికి పోవును. వేడిమియు బలమును దేహమునకు దక్కును. దేహమున ఈ కార్యము ఒక్కుమ్మడిగా గాక మెట్టుమెట్టుగా జరుగును. మెట్టు మెట్టునకు ఒక కిణ్వము కావలియుండును.

ఈ మార్గమును వెనుకకు నడిపించుటయు మన అద్దకమువారు ఎఱుగుదురు. కరగని నీలి నూలునకు పట్టదు. అందుచే సున్నము, బెల్లము, తగిరిసగింజల వంటివి చేర్చి కడవలో పులియబెట్టెడివారు. ఆ పులుపులోని సూక్ష్మజీవులు నీలికి ఉదజనిని చేర్చి కరగునట్లు చేయును. ముంచి తీసిన గుడ్డ మొదట పసుపుపచ్చగా నుండి, గాలి సోకగానే చూచుచుండగనే నీలమగును.

మన నీలీశబ్దము పారసీక, అరబ్బీ భాషల మీదుగా పోర్చుగీసువారికి ‘అనిల్’ అయ్యెను. 1840లో ఫ్రిట్షె యను రసాయనజ్ఞుడు నీలినుండి తీసిన తైలమునకు దానినిబట్టియే ‘అనిలిను’ అని పేరిడెను. 1866లో జర్మను పండితుడు బేయరు నీలిసంబంధమైన పదార్థమునుండి ‘ఇండోలు’ను సాధించెను. 1901లో హాప్కిన్సు, కోలు అను ఆంగ్లేయులు మాంసకృత్తులనుండి వేఱుచేసిన ట్రిప్టొఫాను అణువులో ఆ ఇండోలే గర్భితమై యున్నది. ట్రిప్టొఫానును మన దేహము స్వయముగా చేసికొనజాలదు. పప్పు, పాలు మున్నగువానినుండి పొందవలెను. దానినుండి దేహము నయాసిను అను విటమినును కొంత సమకూర్చుకొనును. నయాసిను కొఱవడిన చర్మము నల్లబడి పగిలి పెల్లాగ్రా యను వ్యాధి వచ్చును. దక్కనులో జొన్నకూటిపైననే బ్రతికిన పేదలయందు ఈ వ్యాధి కానరాగా హైదరాబాదు పరిశోధకులు 1960 తరువాత దానిని లోతుగా విచారించిరి. జొన్నకూటికి పప్పు తోడుండవలెనని పెద్దలు చెప్పు మాటకు ఇట్లు రసాయనశాస్త్రము సాక్ష్యము పలుకుచున్నది.

ఇక తొట్లు ఎండిన కథ. బేయరు 1865లో నీలిపై పరిశోధన ఆరంభించి, 1883 నాటికి దాని అణువు కూర్పును నిర్ణయించెను. 1897లో జర్మనీలోని బాడిషె కంపెనీ యంత్రశాలలో చేసిన నీలిని అంగడికి తెచ్చెను. దాని ముందు చెట్టునీలి నిలువలేకపోయెను. 1914లో యుద్ధము వచ్చి జర్మను సరకు ఆగగా మన పంట కొంతకాలము తిరిగి తలయెత్తెను. యుద్ధానంతరము మరల క్షీణించెను.

మన పనివారికి నేర్పు తక్కువయా? బాదుట ఏ క్షణమున నిలుపవలెనో నురుగును జూచి చెప్పగల వారు వారు. కాని నురుగు ఏల నీలమగునని అడిగి, తూచి, కొలిచి, వ్రాసి పెట్టినవాడు వేఱొక దేశమున నుండెను. పంట అతని వశమైనది. కావున మీ మనుమలు, మనుమరాండ్రు రసాయనశాస్త్రము చదివెదమన్నచో, దానివలన కూడు వచ్చునా యని త్రోసిపుచ్చకుడు. ఈ సీమలో ఒక తరమువారి కూడు ఆ విద్య లేకయే పోయినది.