ఉద్యోగం పోయాక ఎంబీఏ: ఫీజు కట్టే ముందు చూసుకోవాల్సిన లెక్కలు

హైటెక్ సిటీలో లేఆఫ్ అయినా, గల్ఫ్‌లో కాంట్రాక్టు రద్దై తిరిగొచ్చినా, నెల తిరిగేసరికి ఇంట్లో ఒక మాట మొదలవుతుంది: "ఖాళీగా కూర్చునే బదులు ఎంబీఏ చేయొచ్చు కదా బేటా!" చెప్పేవాళ్లు మంచి కోరే చెబుతారు. అయితే ఆ ఫీజు సాధారణంగా కంపెనీ ఇచ్చిన సెటిల్‌మెంట్ నుంచో, పీఎఫ్ నుంచో, చెల్లెలి నికాహ్ కోసం దాచిన డబ్బు నుంచో వస్తుంది. ఇంటి అద్దె, పిల్లల స్కూలు ఫీజు, అబ్బాజాన్ మందులు కూడా ఆ డబ్బుతోనే నడవాలి. కాబట్టి ఈ నిర్ణయం ఒక్కరిది కాదు, ఇంటిల్లిపాదిదీ.

ఎంబీఏ ఎవరికి ఉపయోగం?

చేసే పని మారాలనుకునేవారికి ఎంబీఏ పనికొస్తుంది. టెస్టింగ్ నుంచి ప్రాడక్ట్ మేనేజ్‌మెంట్‌కు, అకౌంట్స్ నుంచి ఫైనాన్స్ మేనేజర్ స్థాయికి వెళ్లాలనుకునేవారు ఈ కోవలోకి వస్తారు. పాత పనే మరో కంపెనీలో చేయాలనుకుంటే రెండేళ్ల డిగ్రీ కంటే ఆ రంగంలో చిన్న సర్టిఫికెట్ కోర్సు, పాత సహోద్యోగుల రెఫరల్ త్వరగా పని చేస్తాయి. తేల్చుకోవడానికి సులువైన పద్ధతి ఒకటుంది. తనకు కావాల్సిన ఉద్యోగాల ప్రకటనలు ఓ 20 ముందు పెట్టుకుని, ఎన్నింటిలో ఎంబీఏ తప్పనిసరి అని ఉందో లెక్కపెట్టాలి. రెండు మూడింటిలోనే ఉంటే డిగ్రీ తొందర లేదు.

"ఎలాగూ ఖాళీయే కదా" అనే లెక్క

ఈ మాట సగమే నిజం. ఉదాహరణకు నెలకు 50 వేల జీతం ఉన్న ఉద్యోగం పోయిందనుకుందాం. కాలేజీ ఫీజు 6 లక్షలు. మళ్లీ ఉద్యోగం దొరకడానికి ఆరు నెలలు పట్టినా, రెండేళ్ల కోర్సులో మిగతా 18 నెలల జీతం, అంటే 9 లక్షలు, వదులుకున్నట్టే. మొత్తం ఖర్చు 15 లక్షలు. ఎంబీఏ తర్వాత జీతం 65 వేలైతే నెలకు అదనంగా వచ్చేది 15 వేలు. పెట్టింది తిరిగి రావడానికి ఎనిమిదేళ్లు దాటుతుంది. అదే జీతం లక్షకు చేరితే రెండున్నరేళ్లు చాలు. అందుకే కాలేజీని ఎంచుకునేటప్పుడు బ్రోషర్‌లోని అత్యధిక ప్యాకేజీని కాదు, మధ్యస్థంగా ఉన్న విద్యార్థికి ఎంత వచ్చిందో అడగాలి.

క్లాసులు ఎప్పుడు మొదలవుతాయి?

ఐఐఎంల కోసం రాసే క్యాట్ ఏడాదికి ఒక్కసారే, నవంబర్ చివర్లో జరుగుతుంది. క్లాసులు మరుసటి ఏడాది జూన్ ప్రాంతంలో మొదలవుతాయి. జనవరిలో ఉద్యోగం పోయినవాళ్లు దాదాపు ఏడాదిన్నర ఆగాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఐసెట్ కూడా ఏడాదికి ఒకసారే. అంటే ఎంబీఏ రాసుకున్నా ఈలోపు ఏదో ఒక పని చూసుకోక తప్పదు.

ఉన్న దారులు

ఐసెట్ కన్వీనర్ కోటా: ప్రభుత్వం ఖరారు చేసిన ఫీజు ఉంటుంది కాబట్టి మేనేజ్‌మెంట్ కోటాతో పోలిస్తే భారం తక్కువ.

మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్సిటీ: గచ్చిబౌలిలోని ఈ కేంద్ర విశ్వవిద్యాలయం 1998లో ఏర్పడింది. ఎంబీఏ ఉంది. ఉర్దూ వచ్చినవారికి మంచి అవకాశం.

దూరవిద్య: ఇగ్నో ఎంబీఏ మొత్తం ఫీజు లక్ష లోపే. ఉద్యోగం చేసుకుంటూ చదవొచ్చు. జీతం ఆగదు కాబట్టి ఇల్లు గడవాల్సినవారికి ఇదే క్షేమం. అయితే క్యాంపస్ ప్లేస్‌మెంట్ ఆశించకూడదు. గల్ఫ్‌కు తిరిగి వెళ్లాలనుకునేవారు ఆ దేశంలో దూరవిద్య డిగ్రీకి గుర్తింపు ఇస్తారో లేదో ముందే కనుక్కోవాలి.

ఐఎస్‌బీ: అనుభవం ఉన్నవారికి ఏడాది కోర్సు. ఫీజు 30 లక్షలు దాటుతుంది. ఎంబీఏ డిగ్రీ పేరుతో ఇవ్వకపోయినా మార్కెట్‌లో విలువ ఎక్కువ.

రిజర్వేషన్, వడ్డీ సంగతి

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో బీసీ-ఈ కింద వెనుకబడిన ముస్లిం వర్గాలకు 4 శాతం సీట్లు ఉన్నాయి. దూదేకుల వారు బీసీ-బిలో ఉన్నారు. సయ్యద్, పఠాన్, మొఘల్ వంటి వర్గాలు బీసీ-ఈలోకి రావు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే వారు ఈడబ్ల్యూఎస్ కోటా చూసుకోవచ్చు. కౌన్సెలింగ్ తేదీ వచ్చాక సర్టిఫికెట్ల కోసం పరిగెత్తకుండా ముందే తీసి పెట్టుకోవాలి.

చాలా కుటుంబాలకు అసలు అడ్డంకి బ్యాంకు వడ్డీ. ఎడ్యుకేషన్ లోన్‌లో కోర్సు నడుస్తుండగానే వడ్డీ లెక్క మొదలవుతుంది. బంగారం తాకట్టు పెట్టినా అదీ వడ్డీయే. సూద్ వద్దనుకునేవారు బంధువుల దగ్గర ఖర్జె హసనా తీసుకుంటే మొత్తం, తిరిగిచ్చే గడువు కాగితం మీద రాసుకోవాలి. అప్పును సాక్షులతో రాసుకోవాలన్నది ఖుర్ఆన్ ఆదేశమే. బంధుత్వం నిలబడేదీ దానితోనే.

మోసపోకుండా

ఉద్యోగం పోయినవారి ఫోన్లకు "10 రోజుల్లో ఎంబీఏ" లాంటి ప్రకటనలు వస్తుంటాయి. వీటికి విలువ లేదని యూజీసీ 2024లోనే హెచ్చరించింది. ఆన్‌లైన్, దూరవిద్య కోర్సు ఏదైనా యూజీసీ దూరవిద్య విభాగం జాబితాలో ఆ యూనివర్సిటీ, ఆ కోర్సు, ఆ సంవత్సరం మూడూ ఉన్నాయో లేదో చూశాకే డబ్బు కట్టాలి. గుర్తింపు ఉంటే ఆ డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమే.

చివరిగా

ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టాక కూడా ఫీజుకు డబ్బు మిగిలి, వెళ్లాల్సిన రంగం స్పష్టంగా ఉండి, మంచి కాలేజీలో సీటు వస్తే ఎంబీఏకు వెళ్లొచ్చు. ఈ మూడింటిలో ఒక్కటి తక్కువైనా ముందు ఉద్యోగం, తర్వాత దూరవిద్య మేలు. "ఏం చేస్తున్నావ్?" అని అడిగే చుట్టాలకు జవాబు చెప్పడం కోసం మాత్రం ఫీజు కట్టకూడదు. ఉద్యోగం పోవడం తప్పూ కాదు, సిగ్గుపడాల్సిందీ కాదు. రిజ్ఖ్ ఇచ్చేది అల్లాహ్. లెక్క చూసుకుని అడుగు వేయడం మనిషి బాధ్యత.