మన తెలుగుకీ బడి కన్నడానికీ మధ్య 128

మన ఇంట్లో మాట్లాడేది తెలుగు, రాసేది కన్నడం. కోలారు సీమలో ఇట్లాంటి ఇళ్ళు ఎన్నో. 1956లో భాషల ప్రకారం రాష్ట్రాలు ఏర్పడినప్పుడు, తెలుగువాళ్ళు అంతమంది ఉన్నా కోలారు జిల్లా మైసూరు రాష్ట్రంలోనే నిలిచింది. నేను కూడా పదో తరగతి దాకా కన్నడంలోనే చదివినాను. అవ్వ తన పెళ్ళిపాటలను కన్నడ అక్షరాల్లో రాసిపెట్టుకుంది. పాట తెలుగు, అక్షరం కన్నడం. అది వింతని మనలో ఎవరికీ తోచలేదు.

తోచింది వాట్సాప్ వచ్చినాక. కడప వైపు చుట్టాలు కూడా ఉండే గ్రూపులో, తాత తద్దినం రోజు ఆయన గురించి నాలుగు మాటలు రాసినాను. తెలుగే, కన్నడ లిపిలో. "అన్నా, ఇది తెలుగు గ్రూపు" అని ఒక తమ్ముడు నవ్వుతా జవాబిచ్చినాడు. వాడి మనసులో చెడు లేదు. కానీ నేను రాసింది తీసేసినాను. ఆ తర్వాత పెద్దమ్మ కూడా రాయడం మానేసింది. ఇప్పుడు దండం బొమ్మ మాత్రం పంపుతుంది. మన ఊరి సంగతులు అందరికన్నా ఎక్కువ తెలిసింది ఆమెకే.

నా పని సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికేది. ఇక్కడ తప్పు ఎక్కడుందని వెతికినాను.

పాత కాలంలో ఈ రెండు లిపులూ ఒకటే. పండితులు దాన్ని తెలుగు-కన్నడ లిపి అంటారు. విడిపోవడం నిదానంగా జరిగింది. 19వ శతాబ్దంలో అచ్చు అక్షరాలు పోతపోసినాక తేడాలు గట్టిపడినాయి.

ఇంటర్నెట్ మొదటి రోజుల్లో అయితే లిపి తగువే లేదు. 1990ల్లో కంప్యూటర్ మీద తెలుగు అక్షరం కనిపించేదే కష్టం. అమెరికాలో చదువుకొనే మనవాళ్ళు ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసుకొన్నారు. అందుకు ఒక పద్ధతి రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టింది, ఆర్‌టీఎస్ అని. ఆ రోజుల్లో అందరిదీ అరువు లిపే. అక్షరం చూసి "నువ్వు మావాడివి కాదు" అనే వీలు ఎవరికీ లేదు.

తర్వాత యూనికోడ్ వ్యాపించింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. ఫోన్లలో తెలుగు కీబోర్డు వచ్చింది. అది మన భాషకు నిజంగా మేలు. కానీ తెలుగు లిపి రానివాళ్ళం అప్పుడే పరాయివాళ్ళుగా కనిపించినాము.

ఇప్పుడు అసలు సంగతి. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగు, కన్నడ రెండూ ఉన్నాయి, పక్కపక్కనే. భారత ప్రమాణం ఇస్కీలో, లిపి ఏదైనా ఒకే ధ్వనికి ఒకే స్థానం. యూనికోడ్ ఆ వరసనే తీసుకొంది. అందుకే తెలుగు 'క' సంఖ్య 3093, కన్నడ 'క' సంఖ్య 3221. తేడా 128. 'మ' తీసుకున్నా, 'ళ' తీసుకున్నా, గుణింతం గుర్తు తీసుకున్నా అదే 128. ౘ, ౙ లాంటి అరుదైన అక్షరాలు కొన్ని మాత్రం ఈ లెక్కకు రావు.

అంటే పెద్దమ్మ కన్నడ లిపిలో రాసిన ప్రతి అక్షరంలో 128 తీసేస్తే, కడప తమ్ముడు చదవగలిగే తెలుగు. ఒక సాయంత్రం కూర్చొని ఆ చిన్న ప్రోగ్రాం రాసినాను. తాత గురించి తీసేసిన నాలుగు మాటలు మళ్ళీ రాసి, రెండు లిపుల్లోనూ గ్రూపులో పెట్టినాను. తమ్ముడు ఈసారి తాత చేసిన బెల్లం వ్యాపారం గురించి అడిగినాడు. దానికి పెద్దమ్మ జవాబు రాసింది, పదకొండు లైన్లు, కన్నడ అక్షరాల్లో.

మీ ఇండ్లలో కూడా ఇట్లాంటి నోటుబుక్కులు ఉంటాయి. తమిళ అక్షరాల్లో ఉన్నా, ఒడియా అక్షరాల్లో ఉన్నా పారేయొద్దు. పేజీలు ఫోటో తీసి పంపండి. కన్నడ లిపివి నేనే టైపు చేస్తాను. మిగతావి చదివేవాళ్ళు మనలోనే ఉన్నారు.