పరంజా మీది మనిషి, అంచనాలో లేని వల

చాలా ఏళ్ల కిందట నేనొక కవిత రాశాను. నాలుగంతస్తుల మేడకు కట్టిన పరంజా మీద నిలబడి ఇటుకలందుకుంటున్న కూలీ గురించి. అతని నిర్భయత్వాన్ని పొగిడాను. గాలిని గెలిచినవాడన్నాను. ఒక చిన్న సభలో చదివితే చప్పట్లు కొట్టారు. సభ అయ్యాక వెనక వరసలో కూర్చున్న తాపీమేస్త్రీ ఒకాయన దగ్గరికొచ్చి, "బాగానే ఉందండీ, కానీ అది ధైర్యం కాదండి. సరుగుడు బాదులకి కట్టిన తాళ్లు పాతవి. దిగిపోతే ఆ రోజు కూలి పోద్ది. అందుకని నిలబడతాం" అన్నాడు. నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ జవాబు వెతుక్కుంటూ చదివిన చరిత్రే ఈ వ్యాసం.

ఎత్తు మీద పనిచేసే మనిషిని వీరుడిగా చూడటం నాతో మొదలు కాలేదు. 1932 సెప్టెంబరులో న్యూయార్క్‌లో, కడుతున్న ఆకాశహర్మ్యం తాలూకు ఉక్కుదూలం మీద పదకొండుమంది కార్మికులు కాళ్లు వేలాడేసుకుని భోజనం చేస్తున్న ఫొటో ఒకటి తీశారు. ప్రపంచమంతా దాన్ని శ్రమజీవి సాహసానికి ప్రతీకగా గోడలకు తగిలించుకుంది. వాస్తవానికి అది ఆ భవన సముదాయం ప్రచారం కోసం తీయించిన ఫొటో. ఆర్థిక మాంద్యపు రోజులవి. పని దొరకడమే గొప్ప అయినప్పుడు దూలం మీద కూర్చోమంటే కూర్చోనివాడెవడు? పెట్టుబడి కార్మికుడి ధైర్యాన్ని తన ప్రకటనగా మార్చుకుంది, మనం దాన్ని కవిత్వమనుకున్నాం.

ఆ కాలంలో అమెరికా నిర్మాణరంగంలో ఒక లెక్క చలామణీలో ఉండేది: పది లక్షల డాలర్ల పనికి ఒక ప్రాణం. ఎవరూ సిగ్గుపడకుండా చెప్పుకునే లెక్క. దాని ప్రకారం శాన్‌ఫ్రాన్సిస్కోలో మూడున్నర కోట్ల డాలర్ల అంచనాతో 1933 జనవరిలో మొదలైన గోల్డెన్ గేట్ వంతెన ముప్ఫై అయిదుగురిని మింగాలి. ప్రధాన ఇంజనీరు జోసెఫ్ స్ట్రాస్ ఈ లెక్కను ఒప్పుకోలేదు. గట్టి టోపీ లేనిదే పనిలోకి రానివ్వలేదు. ఎత్తుమీద విన్యాసాలు చేసి గొప్పలకు పోయేవాణ్ణి పనిలోంచి తీసేస్తామన్నాడు. నేను కవితలో మెచ్చుకున్న గుణం అక్కడ శిక్షార్హమైన తప్పన్నమాట! అన్నిటికీ మించి, వంతెన కింద పొడవునా, దాని వెడల్పుకు పది అడుగులు అవతలికి వచ్చేట్టు, తాళ్లతో అల్లిన వల కట్టించాడు. ఖర్చు లక్షా ముప్ఫై వేల డాలర్లు. మొత్తం అంచనాలో నూటికి అర డాలరు కూడా కాదు. ఆ వలలో పడి బతికినవాళ్లు 19 మంది. తమకు తాము 'నరకానికి సగందూరం క్లబ్బు' అని పేరు పెట్టుకున్నారు.

(స్ట్రాస్ కవి కూడా. వంతెన పూర్తయినప్పుడు ఒక కవిత రాశాడు. నన్నడిగితే, వల ఖర్చును అంచనాలో చేర్చిన ఆ ఒక్క పంక్తే ఆయన మంచి రచన.)

దీన్ని ఒక మంచి మనిషి దయగా చూస్తే పొరపాటు. కింద వల ఉందన్న నమ్మకంతో పని వేగమూ పెరిగింది. పైగా ఆ వల కథకు రెండో సగం ఉంది. 1936 అక్టోబరు దాకా ఒక్క ప్రాణమూ పోలేదు. ఆ నెలలో ఒకరు చనిపోయారు. 1937 ఫిబ్రవరి 17న, పన్నెండుమంది నిలబడ్డ వేలాడే పరంజా ఒకటి ఊడిపోయి వల మీద పడింది. కాంక్రీటు కింది సెంట్రింగు చెక్కలు విప్పడానికి వేలాడదీసిన పరంజా అది. మనుషుల బరువుకు అల్లిన వల టన్నుల బరువుకు ఆగలేదు. చిరిగింది. పదిమంది పోయారు. ఆ పదిమందిలో ఎవరికీ ధైర్యం తక్కువై కాదు. వాళ్లు నిలబడ్డ పరంజా ఎంత బరువుకు ఆగాలి, అది ఊడితే ఏమవుతుంది అన్న లెక్క సరిగ్గా జరగక పోయారు. మనిషి పడిపోవడం పైన మొదలు కాదు. ముందే, ఇంజనీరు బల్లమీద, కాగితం మీద మొదలవుతుంది.

మన నాగార్జునసాగర్ సంగతి చూద్దాం. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. 124 మీటర్ల ఎత్తున రాతికట్టడం. యంత్రాలకూ సిమెంటుకూ కొరతగా ఉన్న దేశంలో మనిషి రెక్కలతో లేపిన గోడ అది. కర్రలతో కట్టిన వాలు పరంజాల మీదుగా ఆడా మగా రాళ్లు మోసుకుంటూ చీమలబారుల్లా పైకెక్కుతున్న ఆనాటి ఫొటోలు చూడండి. పక్కన పట్టుకోను ఏముందో వెతకండి. గుంపుమేస్త్రీ ఇచ్చిన బయానా తీసుకుని ఊరొదిలిన పాలమూరు కూలీలు దేశంలోని ఎన్ని ఆనకట్టల మీద ఇలా ఎక్కి దిగారో! మేం చదువుకున్న పాఠాల్లో గేట్లు ఇరవై ఆరని ఉంది, ఎత్తు ఉంది, పొడవు ఉంది. జారిపడ్డవాళ్లు లేరు. శ్రీశ్రీ 'దేశచరిత్రలు'లో తాజ్‌మహల్ వెనకున్న అనామకులెవరని అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. దాని వెంటనే రావలసిన రెండో ప్రశ్నను మనం అడగలేదు: వాళ్ల కింద ఏముంది?

చట్టాల వరస చూస్తే ఆ ప్రశ్నను పాలకులెప్పుడు అడిగారో తెలుస్తుంది. 1923 నష్టపరిహార చట్టం ఒక హద్దుకు మించి ఎత్తున్న భవనాల పనివాళ్లను లెక్కలోకి తీసుకుంది. అంటే పడి చచ్చినవాడి ప్రాణానికి ధర కట్టింది. 1948 ఫ్యాక్టరీల చట్టం కట్టడాన్ని 'ఉత్పత్తి ప్రక్రియ'గా చూడలేదు గనక నిర్మాణస్థలం బయటే ఆగిపోయింది. 1966లో పరంజాలకూ నిచ్చెనలకూ జాతీయ ప్రమాణం వచ్చింది గాని, అది సలహా. భవన నిర్మాణ కార్మికుల కోసమే దేశమంతటికీ చట్టం వచ్చింది 1996లో. పడితే ఎంతివ్వాలో చెప్పిన చట్టానికీ, పడకుండా చూడమన్న చట్టానికీ మధ్య డెబ్బై మూడేళ్లు! 1998 నియమాల్లో పరంజాలూ వలలూ బెల్టులూ అన్నీ ఉన్నాయి. 1996 చట్టాన్ని 2020 నాటి సంహితలో కలిపేశారు. సొంత ఇల్లు కట్టుకునేవారికి పాత చట్టం పది లక్షల రూపాయల దాకా ఇచ్చిన మినహాయింపు అందులో యాభై లక్షలైంది. యాభై లక్షల ఇంటి రెండో అంతస్తు నుంచి పడ్డా నడుం విరుగుతుంది మరి.

పథకం అంటే ఏమిటో బ్రిటన్ 2005 నిబంధనలు వరస పెట్టి చెప్పాయి. నేలమీద చేయగల పనికి మనిషిని పైకి ఎక్కించకు. ఎక్కించక తప్పకపోతే పడకుండా గట్టి వేదిక, చుట్టూ కమ్మీలు. అదీ కుదరకపోతే పడినా దెబ్బ తగ్గేట్టు వల, బెల్టు. బెల్టు చిట్టచివరిదని గమనించాలి. మన దగ్గర అదే మొదటిది, చాలాచోట్ల అదొక్కటే. ఎందుకంటే బెల్టు చవక. పైగా పడ్డాక తప్పు తగిలించుకోనివాడిది. కానీ కొక్కెం దేనికి తగిలించాలి? ఊగే సరుగుడు బాదుకా? మనిషి పడే విసురును ఆపగల లంగరు కట్టడం గీసినప్పుడే నకషాలో ఉండాలి. బెల్టుకు వేలాడుతున్న మనిషిని నిమిషాల్లో కిందికి దించే ఏర్పాటూ ముందే ఉండాలి. వేలాడుతూనే ప్రాణం పోవచ్చు.

ఈమధ్య ఆ మేస్త్రీని మళ్లీ కలిశాను. ఇప్పుడు పరంజా ఎక్కడం లేదు, మోకాళ్లు పోయాయి. కొడుకు ఎక్కుతున్నాడు. బెల్టులిచ్చారా అనడిగాను.

"ఇచ్చారండి. తనిఖీకి ఆఫీసరొచ్చిన రోజు పొద్దున ఇచ్చి, సాయంత్రం లెక్కపెట్టి తీసుకున్నారు" అన్నాడు.