బొర్రా గుహల్లో ఎవరుంటున్నారో తెలుసా? గబ్బిలాలు, బంగారు బల్లులు.. కళ్లే లేని ఓ జీవి!

సంగారెడ్డి, పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియాలో వరుసగా నాలుగు రోజులు సెలవులొస్తే చాలు, చాలామంది అరకు ట్రిప్ వేసేస్తారు. దారిలో బొర్రా గుహలు చూడాల్సిందే. రంగుల లైట్లు, శివలింగం, నాలుగు సెల్ఫీలు.. గంటలో బయటికి వచ్చేస్తారు. కానీ అక్కడే కాపురముంటున్న జీవుల గురించి పట్టించుకునేవాళ్లు తక్కువ.

ఈ గుహలు అల్లూరి సీతారామరాజు జిల్లా అనంతగిరి మండలంలో ఉన్నాయి. విశాఖ నుంచి సుమారు 90 కిలోమీటర్లు. వాన నీరు కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని పలచటి ఆమ్లంగా మారుతుంది. అదే సున్నపురాయిని కరిగిస్తుంది. చుక్క చుక్కగా కారుతూ పైనుంచి వేలాడే రాళ్లను, కింది నుంచి పెరిగే రాళ్లను కడుతుంది. వీటిని 1807లో జియలాజికల్ సర్వే అధికారి విలియం కింగ్ కనిపెట్టారని చాలాచోట్ల రాస్తుంటారు. అసలు ఆ సంస్థ పుట్టిందే 1851లో!

ఇక్కడ ఎక్కువగా కనిపించేది పండ్లు తినే గబ్బిలం. నేరేడు, జామ, మామిడి, బూరుగు పూలు దీని తిండి. రాత్రంతా తిరిగి విత్తనాలు చల్లుతుంది, పూలకు పుప్పొడి మోస్తుంది. పండ్ల గబ్బిలాల్లో చాలావాటికి కళ్లే ఆధారం. ఇది మాత్రం నాలుకతో టిక్ టిక్‌మని శబ్దం చేసి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో చీకట్లో దారి పోల్చుకుంటుంది. ఇన్ని పనులు చేసే పండ్ల గబ్బిలాలను వన్యప్రాణి చట్టం చాలాకాలం ఎలుకలతో పాటు హానికర జంతువుల జాబితాలోనే ఉంచింది. 2022 సవరణతో ఆ జాబితా పోయింది.

బంగారు బల్లి మరీ స్పెషల్. తిరుమల కొండల్లోనూ ఉండే ఈ బల్లి పగలంతా రాతి సందుల్లో దాక్కుని రాత్రి బయటికొస్తుంది. గుడ్లను రాతికే అతికించి పెడుతుంది.

ఇక మూడోది కంటికి సరిగా ఆనదు. గుహ నీటిలో బతికే, రొయ్యల జాతికి దూరపు చుట్టమైన ఓ బుల్లి జీవి. దానికి కళ్లే లేవు. పేరులోనే బొర్రా ఉంది: హబ్రోబాథినెల్లా బొర్రాయెన్సిస్.

వీటన్నిటికీ కావాల్సింది చీకటి, తేమ, నిశ్శబ్దం. మనం తీసుకెళ్లేది సరిగ్గా వాటికి రివర్స్. లైట్లు వెలిగేచోట రాళ్ల మీద పచ్చటి పాచి పడుతుంది. చేత్తో తాకితే జిడ్డు అంటి రాయి పెరుగుదల దెబ్బతింటుంది. గబ్బిలాల గుంపు మీద ఫ్లాష్ కొడితే అవి బెదిరి లేచిపోతాయి.

టూరిస్టుల కంటే పెద్ద గండం మైనింగ్. బొర్రా చుట్టుపక్కల గిరిజన గ్రామాల్లో ప్రైవేటు కంపెనీలకు మైనింగ్ లీజులు ఇవ్వడంపై 'సమత' అనే సంస్థ కోర్టుకెక్కింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో సర్కారు భూమిని ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం కుదరదని చెప్పింది. దానికి ఆధారం 1/70 చట్టమే. అది గుహల కోసమో, గబ్బిలాల కోసమో వచ్చిన తీర్పు కాదు, గిరిజనుల భూమి కోసం వచ్చింది. అయితే గుహలో కారే ప్రతి చుక్కా ఆ కొండల మీద కురిసిన వానే.