‘స్పెక్ ఆప్స్: ది లైన్’ క్లైమాక్స్: కాన్రాడ్ ఎప్పుడో చనిపోతే.. రేడియోలో మాట్లాడింది ఎవరు?

గన్ పట్టుకోవాలి, శత్రువును కాల్చాలి, చివర్లో విలన్‌ను మట్టుపెట్టాలి. మిలిటరీ షూటర్ గేమ్ అంటే ఎక్కువమందికి తెలిసిన ఫార్ములా ఇదే. కానీ ఆటంతా వెంటాడి, ఆఖరికి విలన్ గదిలోకి అడుగుపెడితే.. కుర్చీలో ఉన్నది ఎప్పుడో కుళ్లిపోయిన శవమైతే? ‘స్పెక్ ఆప్స్: ది లైన్’ క్లైమాక్స్ సరిగ్గా ఇదే. గేమ్ వచ్చి పదేళ్లు దాటిపోయినా దీని ముగింపు మీద చర్చ ఆగలేదు. ఆ వీడియోలు చూసినవాళ్లలో చాలామందికి ఇప్పటికీ అదే డౌట్. అసలు చివర్లో ఏం జరిగింది?

(గమనిక: కథ మొత్తం, క్లైమాక్స్ ట్విస్ట్‌తో సహా ఇందులో ఉంది.)

ఎవరు తీశారు? ఇప్పుడు దొరుకుతుందా?

జర్మనీలోని బెర్లిన్‌కు చెందిన యాగర్ డెవలప్‌మెంట్ ఈ గేమ్‌ను తయారు చేసింది. 2కే సంస్థ 2012 జూన్‌లో విడుదల చేసింది. ప్రధాన రచయిత వాల్ట్ విలియమ్స్. పీసీ, ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360ల మీద వచ్చింది కానీ ఫోన్ వెర్షన్ రాలేదు. 2024 జనవరిలో స్టీమ్ స్టోర్ నుంచి కూడా తీసేశారు. కొన్ని లైసెన్సుల గడువు ముగియడమే కారణమని 2కే తెలిపింది. అంతకుముందు కొన్నవాళ్లు మాత్రం డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. అందుకే స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలు కోసం ఎదురుచూస్తూ ఫోన్ తీసిన కుర్రాడికైనా, హైదరాబాద్‌లో గేమింగ్ పీసీ ఉన్నవాడికైనా ఈ కథ ఇప్పుడు ఎక్కువగా తెలిసేది వీడియోల ద్వారానే.

దీనికి మూలం 1899లో వచ్చిన జోసెఫ్ కాన్రాడ్ నవలిక ‘హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్’. వియత్నాం యుద్ధం మీద 1979లో వచ్చిన ‘అపోకలిప్స్ నౌ’ సినిమాకు కూడా ఇదే ఆధారం. ఆ రచయిత మీద గౌరవంతోనే గేమ్‌లోని కల్నల్‌కు కాన్రాడ్ అని పేరు పెట్టారు.

కథ మొదలయ్యేది దుబాయ్‌లో

కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల వైపు దుబాయ్ అంటే గేమ్‌లో కనిపించే సెట్టింగ్ కాదు. అన్నో, బావో, పక్కింటి పెద్దనాన్నో పని కోసం పోయిన ఊరు. ఈ గేమ్‌లో ఆ దుబాయ్ ఇసుకలో కూరుకుపోయి ఉంటుంది.

ఆరు నెలల కింద భయంకరమైన ఇసుక తుఫాన్లు నగరాన్ని ముంచేస్తాయి. ప్రమాదమేం లేదని జనానికి చెప్పిన పెద్దలు, డబ్బున్నవాళ్లు రహస్యంగా ఊరు దాటేస్తారు. మిగిలింది సామాన్య జనం, వలస కార్మికులు. అఫ్గానిస్తాన్ నుంచి తిరిగి వెళ్తున్న అమెరికా 33వ బెటాలియన్ కమాండర్ కల్నల్ జాన్ కాన్రాడ్, వాళ్లను కాపాడతానని ముందుకొస్తాడు. వదిలేసి వచ్చేయమని పైనుంచి ఆర్డర్ వచ్చినా వినడు. బెటాలియన్ మొత్తంతో అక్కడే ఉండిపోతాడు. నీళ్లు తక్కువ, జనం ఎక్కువ. క్రమంగా సైనిక పాలన వస్తుంది, శిక్షలు క్రూరంగా మారతాయి. జనాన్ని ఊరు దాటించే ప్రయత్నం కూడా ఘోరంగా విఫలమవుతుంది. ఆ సంగతి చెబుతూ కాన్రాడ్ గొంతుతో ఒక రేడియో సందేశం బయటి ప్రపంచానికి చేరుతుంది.

దాంతో ముగ్గురు డెల్టా ఫోర్స్ సైనికులను పంపిస్తారు. కెప్టెన్ మార్టిన్ వాకర్, లెఫ్టినెంట్ ఆడమ్స్, సార్జెంట్ లూగో. ఆటగాడి చేతిలో ఉండేది వాకర్. గతంలో కాబూల్‌లో వాకర్ ప్రాణం కాపాడింది ఈ కాన్రాడే.

వాళ్లకు ఇచ్చిన ఆర్డర్ చాలా సింపుల్. లోపల ఎవరైనా బతికున్నారా చూడాలి, రేడియోలో సమాచారం ఇవ్వాలి, వెనక్కి రావాలి. అంతే. బతికున్నవాళ్లు కథ మొదట్లోనే కనిపిస్తారు. అంటే మిషన్ అక్కడితో అయిపోవాలి. కానీ వాకర్ ఆగడు. కాన్రాడ్‌ను వెతకాలంటూ నగరం లోపలికి నడుస్తాడు. క్లైమాక్స్ అర్థం కావాలంటే ముందుగా గుర్తు పెట్టుకోవాల్సింది ఇదే.

అసలు మలుపు: తెల్ల భాస్వరం

ఒక గేటు దగ్గర 33వ బెటాలియన్ సైనికులు పెద్ద సంఖ్యలో అడ్డుగా ఉంటారు. పక్కనే ఒక మోర్టార్, అందులో వేసే తెల్ల భాస్వరం గుండ్లు దొరుకుతాయి. తెల్ల భాస్వరం గాలి తగిలితే చాలు, దానంతట అదే మండిపోతుంది. ఒంటికి అంటుకుంటే ఎముక దాకా కాల్చేస్తుంది. ఇది గేమ్ కోసం పుట్టించింది కాదు. 2004లో ఇరాక్‌లోని ఫలూజాలో దీన్ని ఆయుధంగా వాడినట్టు అమెరికా సైన్యం 2005లో ఒప్పుకుంది. జనం ఉన్నచోట నిప్పుపెట్టే ఆయుధాలు వాడకూడదని 1980 నాటి అంతర్జాతీయ ఒప్పందం చెబుతోంది.

వాడొద్దు, వేరే దారి ఉంటుందని లూగో అంటాడు. లేదంటాడు వాకర్. పైనుంచి తీసిన నలుపు తెలుపు దృశ్యం చిన్న స్క్రీన్ మీద వస్తుంది. అందులో మనుషులు తెల్ల చుక్కల్లా కనిపిస్తారు. ఆటగాడు గురిచూసి గుండ్లు వేస్తుంటే చుక్కలు ఆగిపోతాయి. ఆ స్క్రీన్ మీదే వాకర్ ముఖం నీడలా కనిపిస్తుంటుంది.

తర్వాత పొగలో నడుచుకుంటూ వెళ్తే అసలు విషయం బయటపడుతుంది. చివర్లో గుంపుగా కనిపించిన చుక్కలు సైనికులు కావు. 47 మంది సామాన్య జనం. ఆ సైనికులు ఆశ్రయం ఇస్తున్నది వాళ్లకే. బిడ్డ కళ్లు చేత్తో మూసిన ఒక తల్లి అలాగే కాలిపోయి ఉంటుంది.

ఇక్కడ తెలుగువాళ్లకు వెంటనే గుర్తొచ్చే కథ ఒకటుంది. సరయూ ఒడ్డున చీకట్లో కుండ నిండుతున్న చప్పుడు విని ఏనుగనుకుని దశరథుడు బాణం వేస్తాడు. తగిలింది అంధులైన తల్లిదండ్రుల కోసం నీళ్లు ముంచుతున్న శ్రవణ కుమారుడికి. చూడకుండా కొట్టడం రెండు చోట్లా ఉంది. తేడా వచ్చేది ఆ తర్వాతే. దశరథుడు కుండ పట్టుకుని ఆ ముసలి తల్లిదండ్రుల దగ్గరకు తానే వెళ్లి, చంపింది నేనేనని చెప్పి శాపం భరిస్తాడు. వాకర్ మాత్రం దీనంతటికీ కాన్రాడే కారణం, అతను జవాబు చెప్పాలి అంటాడు. కథ అడ్డం తిరిగేది అక్కడే.

ఆ రేడియో సంగతేంటి?

ఆ ఘటన తర్వాత వాకర్‌కు ఒక చిన్న రేడియో దొరుకుతుంది. అందులోంచి కాన్రాడ్ మాట్లాడటం మొదలుపెడతాడు. రెచ్చగొడతాడు, పరీక్షలు పెడతాడు. ఒకచోట ఇద్దరు మనుషులు వేలాడుతుంటారు. ఒకడు నీళ్లు దొంగిలించినవాడు. రెండోవాడు అతన్ని పట్టుకోబోయి అతని కుటుంబాన్ని చంపిన సైనికుడు. ఇద్దరిలో ఎవరికి శిక్షో తేల్చమని కాన్రాడ్ గొంతు అడుగుతుంది.

అప్పటి నుంచి అన్నీ చెడిపోతూ వస్తాయి. సీఐఏ ఏజెంట్ రిగ్స్ మాట విని నీళ్ల ట్యాంకర్ల దోపిడీకి వాకర్ సాయం చేస్తాడు. రిగ్స్ ప్లాన్ వేరే. 33వ బెటాలియన్ చేసిన పనులు బయటపడితే అమెరికా మీద యుద్ధం వస్తుందని అతని భయం. నగరంలో ఎవరూ మిగలకపోతే ఆ రహస్యం కూడా మిగలదన్నది అతని లెక్క. ఆఖరి నీళ్లు ఇసుక పాలవుతాయి. కడుపు మండిన జనం లూగోను ఉరేసి చంపేస్తారు. ఆడమ్స్ లొంగిపోవడానికి ఒప్పుకోకుండా, వాకర్‌ను ముందుకు పంపి తాను అక్కడే పోరాడుతూ ప్రాణాలు విడుస్తాడు. కాన్రాడ్ ఉన్న టవర్ దగ్గరకు వాకర్ ఒక్కడే చేరుకుంటాడు.

టవర్ పైన ఏం జరిగింది?

పైఅంతస్తులో కాన్రాడ్ ఒక పెయింటింగ్ వేస్తూ కనిపిస్తాడు. బొమ్మలో ఉన్నది బిడ్డను పట్టుకుని కాలిపోయిన ఆ తల్లి. వాకర్ అతని వెనకే బాల్కనీలోకి వెళ్తాడు. అక్కడ కుర్చీలో ఉన్నది కాన్రాడ్ శవం. తలకు తుపాకీ పెట్టుకుని అతను ఎప్పుడో ప్రాణం తీసుకున్నాడు.

మరి ఇన్నాళ్లూ మాట్లాడింది ఎవరు? వాకర్ మనసే. తన చేతులతో 47 మందిని కాల్చేశానన్న నిజాన్ని భరించలేక, నేరం మోయడానికి ఒక విలన్‌ను సృష్టించుకున్నాడు. రేడియో గొంతు అతని భ్రమ. పాత సీన్లన్నీ ఫ్లాష్‌బ్యాక్‌లో మళ్లీ వస్తాయి. వేలాడుతున్న ఆ ఇద్దరూ అప్పటికే శవాలు. పరీక్ష పెట్టినవాడే లేడు.

ఆ తర్వాత అద్దంలో కాన్రాడ్ ప్రతిబింబం వాకర్ వైపు తుపాకీ ఎక్కుపెడుతుంది. ఐదు అంకెలు లెక్కపెడుతుంది. ఆలోపు ఆటగాడే తేల్చుకోవాలి.

ముగింపులు ఎన్ని? ఏది ఎలా?

మొత్తం నాలుగు రకాలుగా కథ ముగుస్తుంది.

1. అద్దం ముందే ఆగిపోవడం: కాన్రాడ్ కాల్చేదాకా ఊరుకున్నా, తన ప్రతిబింబాన్ని కాల్చినా ఫలితం ఒకటే. వాకర్ చనిపోతాడు. తప్పు తనదేనని ఒప్పుకుంటాడు కానీ బతికి జవాబు చెప్పడు.

2. తుపాకీ వదిలేయడం: కాన్రాడ్ ప్రతిబింబాన్ని కాలిస్తే కథ కొనసాగుతుంది. వాకర్ రేడియోలో సాయం కోరతాడు. తర్వాత అమెరికా గస్తీ బృందం వస్తుంది. వాకర్ ఒంటి మీద అప్పటికి కాన్రాడ్ యూనిఫామ్ ఉంటుంది. తుపాకీ ఇచ్చేస్తే వాళ్లు ఇంటికి తీసుకెళ్తారు. దారిలో ఒక సైనికుడు ఎలా బతికావని అడుగుతాడు. బతికానని ఎవరు చెప్పారన్నట్టు వాకర్ జవాబిస్తాడు.

3. కాల్పులు జరిపి చనిపోవడం: వచ్చిన సైనికుల మీద తిరగబడి వాళ్ల చేతిలో నేలకొరుగుతాడు. ప్రాణం పోయే ముందు కాబూల్‌లో కాన్రాడ్‌తో గడిపిన రోజులు గుర్తుకొస్తాయి.

4. అందరినీ చంపేయడం: కాపాడటానికి వచ్చినవాళ్లను కూడా మిగల్చడు. రేడియో అందుకుని అవతలి వాళ్లకు దుబాయ్‌కి స్వాగతం పలుకుతాడు. కథ మొదట్లో తన ఇద్దరు సైనికులకు చెప్పిన మాటే అది. భ్రమలో కాన్రాడ్ ఎలా కనిపించాడో, చివరికి వాకర్ అలాగే అవుతాడు.

నాలుగింటిలో ‘మంచి ముగింపు’ ఏది అంటే అభిమానుల్లో ఎక్కువమంది రెండోదే చెబుతారు. కారణం ఉంది. కథ మొత్తంలో వాకర్ ఆయుధం కింద పెట్టి, వేరొకరి మాట విని ఆగింది అక్కడ ఒక్కచోటే. మొదట్లో ఇచ్చిన ఆర్డర్‌లో చివరి మాట ‘వెనక్కి రావాలి’. అతను దాన్ని పాటించేదీ ఆ ముగింపులోనే. కాకపోతే అప్పటికి కాపాడాల్సిన జనం మిగల్లేదు.

వాకర్ ముందే చనిపోయాడా?

అభిమానుల్లో ఇంకో వాదన కూడా బాగా నడుస్తోంది. గేమ్ ఒక హెలికాప్టర్ ఛేజింగ్‌తో మొదలవుతుంది. అదే సీన్ కథ మధ్యలో మళ్లీ వస్తుంది. ఇది ఇంతకుముందే చేశాం కదా అని వాకర్ అప్పుడు అంటాడు. దీంతో హెలికాప్టర్ కూలినప్పుడే వాకర్ చనిపోయాడని, మిగతాదంతా అతను అనుభవిస్తున్న నరకమని కొందరంటారు. ఇలా అర్థం చేసుకునే వీలుందని రచయిత విలియమ్స్ కూడా చెప్పారు.

వీడియోలో చూసేవాళ్లు గమనించాల్సిన గుర్తు కూడా ఒకటుంది. సీన్ ముగిసి స్క్రీన్ నల్లగా మారితే జరిగింది నిజం. తెల్లగా మారితే వాకర్ భ్రమలో ఉన్నట్టు, లేదా తనకు తానే అబద్ధం చెప్పుకుంటున్నట్టు. రెండోసారి చూసేటప్పుడు ఈ తేడా గమనిస్తే చాలా సీన్లు కొత్తగా అర్థమవుతాయి.

వేలెత్తి చూపేది వాకర్‌నేనా?

కాదు, ఆటగాడిని కూడా. ఆట సాగేకొద్దీ లోడింగ్ స్క్రీన్ మీద వచ్చే టిప్స్ మారిపోతాయి. తుపాకీ ఎలా వాడాలో చెప్పాల్సిన చోట, ఇప్పుడు హీరోలా అనిపిస్తోందా అన్న ప్రశ్న వస్తుంది. గేటు దగ్గర మోర్టార్ వాడకుండా ముందుకెళ్లే దారి గేమ్ ఇవ్వదు. తుపాకులతోనే పోరాడదామంటే శత్రువులు వస్తూనే ఉంటారు. ఇది మోసమని విమర్శించినవాళ్లున్నారు. దారే లేనప్పుడు తప్పు ఆటగాడిది ఎలా అవుతుందన్నది వాళ్ల ప్రశ్న. ఆట ఆపేసి పక్కన పెట్టడం కూడా ఒక దారేనన్నది రచయిత సమాధానం. డబ్బు పెట్టి కొన్నవాడు మధ్యలో ఆపుతాడా అన్న వాదన ఈరోజుకీ తెగలేదు.

కానీ వాకర్ చెప్పిన మాట కూడా అదే. వేరే దారి లేదు. ఆర్డర్ ప్రకారం మొదటి రోజే వెనక్కి వెళ్లే దారి ఉన్నా ముందుకే నడిచినవాడు, గేటు దగ్గరకొచ్చాక దారి లేదన్నాడు. ఇసుక తుఫాను, నీళ్ల కరువు, పెద్దల మోసం ఇవేవీ వాకర్ చేసినవి కావు. ఆ గుండ్లు వేసింది మాత్రం అతనే. రేడియోలో కాన్రాడ్ గొంతు వినిపించినంతసేపూ ఆ ఒక్క మాట అనాల్సిన అవసరం అతనికి రాలేదు. టవర్ పైన ఆ గొంతు ఆగిపోయాక అద్దంలో మిగిలింది వాకర్ ముఖమే.