అహజ్యా వయసు, బాప్తిస్మం మాట: గోదావరి డెల్టాలో బైబిలు వైరుధ్యాలు

యూదా రాజు యెహోరాము ముప్పై రెండో ఏట గద్దెనెక్కి ఎనిమిదేళ్లు ఏలాడని రెండవ దినవృత్తాంతముల గ్రంథం 21వ అధ్యాయం చెబుతుంది. అంటే పోయేనాటికి అతనికి నలభై ఏళ్లు. ఆ వెంటనే 22వ అధ్యాయం అతని కడగొట్టు కొడుకు అహజ్యా రాజైనప్పుడు నలభై రెండేళ్లవాడని అంటుంది. తండ్రికన్నా కొడుకు రెండేళ్లు పెద్ద! ఇదే అహజ్యాకు రెండవ రాజుల గ్రంథం 8:26లో ఇరవై రెండేళ్లు.

బైబిలును తప్పుపట్టేవారు చూపే జాబితాల్లో అహజ్యాకు ఎప్పుడూ చోటు ఉంటుంది. గోదావరి డెల్టా సంఘాలను విడదీసిన వివాదాల్లో మాత్రం అతని ఊసే రాదు. నరసాపురం, పాలకొల్లు, రాజమండ్రి చుట్టూ ఒకే బైబిలు చదివే మనుషులు ఒకరి మందిరానికి ఒకరు వెళ్లకుండా చేసినవి వేరే వచనాలు. వైరుధ్యం ఎంత స్పష్టంగా కనబడుతోందన్నదాన్ని బట్టి కాక, దాని మీద ఏ ఆచారం నిలబడి ఉందన్నదాన్ని బట్టి క్రైస్తవుల జవాబు మారుతుందని నా అభిప్రాయం. ఆధారాలు ఈ అభిప్రాయాన్ని ఎంతవరకు మోయగలవో చూడాలి.

ముందు పుస్తకం సంగతి. విశాఖపట్నంలో లండన్ మిషనరీలు జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ 1805 నుంచి పనిచేశారు. ఆనందరాయరు అనే విశ్వాసి సాయంతో అక్కడ తెనుగు చేసిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సేరంపూర్‌లో అచ్చయ్యాయి. సేరంపూర్ వారి తెలుగు కొత్త నిబంధన 1818లో, మోషే పంచకాండాలు 1821లో వచ్చాయి. పూర్తి బైబిలు అచ్చులో చేతికి రావడానికి పంతొమ్మిదో శతాబ్దం నడిమి దాకా పట్టింది. బ్రదరన్ మిషనరీ ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ వెంట 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో బ్రదరన్ పని మొదలుపెట్టేనాటికి, రాజుల గ్రంథాన్నీ దినవృత్తాంతాలనూ పక్కపక్కన పెట్టుకుని సరిచూసే వీలు తెలుగు చదువరికి దాదాపు లేదు. పైగా ఆ తరం విశ్వాసుల్లో చాలామంది మాల, మాదిగ పేటలవారు. చదువు వారికి అందనిచ్చే రోజులు కావవి. వాక్యం వారికి చెవిన పడిందే. వినేవాడికి ఒక పూట ఒక కథే అందుతుంది. రెండు కథల తేడా పట్టుకోవాలంటే రెండూ కంటి ముందుండాలి.

అయితే కొన్ని తేడాలు 1812 నాటి ఆ మూడు సువార్తల్లోనే ఉన్నాయి. యెరికో దగ్గర యేసు చూపునిచ్చిన సంగతే తీసుకోండి. మత్తయిలో గుడ్డివారు ఇద్దరు, మార్కులో ఒక్కడు, పేరు బర్తిమయి. మత్తయి, మార్కు ఇద్దరి లెక్కలోనూ యేసు యెరికో వదిలి వెళ్తున్నాడు. లూకా లెక్కలో యెరికోకు సమీపిస్తున్నాడు. దీనికి వేదికల మీద వినబడే జవాబులు రెండు. ఉన్నది ఇద్దరే, మార్కు పేరున్నవాడినే చెప్పాడు అనేది మొదటిది. ఇందులో బలం ఉంది; ఒక్కడి గురించి చెప్పినంత మాత్రాన రెండోవాడు లేడని అన్నట్టు కాదు. పాత యెరికో, హేరోదు కట్టించిన కొత్త యెరికో అని రెండు ఉండేవి, ఒకటి వదిలి రెండోదానికి వెళ్తుండగా జరిగింది అనేది రెండోది. రెండు చోట్లా తవ్వకాలు జరిగాయి, రెండు స్థలాలూ నిజమే. కానీ మార్కు ఒక యెరికోను, లూకా ఇంకో యెరికోను మనసులో పెట్టుకుని రాశారనడానికి ఆ ఇద్దరి రాతల్లో ఒక్క గుర్తూ లేదు. స్థలం ఉండడం ఒక ఆధారం. రచయిత ఉద్దేశం వేరే ఆధారం. ఈ రెంటినీ కలిపేయడం సమర్థకులు తరచుగా చేసే పని. క్రీ.శ. 400 ప్రాంతంలో నాలుగు సువార్తల పొందిక మీద ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాసిన అగస్టీను కాలం నుంచీ ఈ అలవాటు ఉంది.

ఇక అంకెల తేడాలు. వీటి దగ్గర క్రైస్తవుల జవాబుకు గట్టి పునాదే ఉంది. అహజ్యా విషయంలో కొన్ని పాత గ్రీకు ప్రతులూ సిరియా భాషా ప్రతీ దినవృత్తాంతాల్లో కూడా ఇరవై రెండే అంటాయి. నలభై రెండు అన్నది నకలు రాసేవాడి పొరపాటని చెప్పడానికి తండ్రి వయసే పెద్ద సాక్ష్యం. ఇంకా మంచి ఉదాహరణ యెహోయాకీను. రాజుల గ్రంథం ప్రకారం పద్దెనిమిదో ఏట, దినవృత్తాంతాల హీబ్రూ పాఠం ప్రకారం ఎనిమిదో ఏట రాజయ్యాడు. క్రీ.పూ. 597లో నెబుకద్నెజరు అతన్ని బబులోనుకు పట్టుకుపోయాడు. బబులోను శిథిలాల్లో జర్మన్లు తవ్వి తీసిన మట్టి పలకల్లో రాజభవనం నుంచి నూనె కొలిచి ఇచ్చిన లెక్కలున్నాయి; 1939లో వాటిని పండితుడు వైడ్నర్ ప్రచురించాడు. క్రీ.పూ. 592 నాటి లెక్కలో యూదా రాజు యెహోయాకీనుకూ అతని అయిదుగురు కొడుకులకూ నూనె ఇచ్చినట్టు ఉంది. ఎనిమిదేళ్లకు రాజైనవాడికి పదమూడో ఏట అయిదుగురు కొడుకులు ఉండరు. ఇరవై మూడేళ్లవాడికి, అందులోనూ రాజుకు, ఉండవచ్చు. బైబిలుతో ఏ సంబంధమూ లేని ఒక కొట్టు గుమాస్తా లెక్క, బైబిల్లోని రెండు అంకెల్లో ఏది సరైనదో తేల్చింది.

ఇలాంటి చోట్ల సంప్రదాయవాదుల సూత్రం ఒకటే: మూల ప్రతిలో తప్పు లేదు, తప్పు నకళ్లలో దొర్లింది. 1978లో అమెరికా సువార్తికులు చికాగోలో చేసిన ప్రకటన కూడా దీన్నే చెప్పింది. మూల ప్రతులు ఏవీ మిగలలేదు కనుక ఇది పరీక్షకు నిలవని మాట అని హేతువాదులు కొట్టిపారేస్తారు. అన్ని చోట్లా అలా కొట్టెయ్యడానికి లేదు. అహజ్యా, యెహోయాకీనుల విషయంలో నకలు తప్పని చెప్పడానికి వేరే ప్రతులే సాక్ష్యం ఇస్తున్నాయి. ఏ ప్రతీ సాక్ష్యం ఇవ్వని చోట కూడా అదే సూత్రం వాడితే మాత్రం అది సాకు అవుతుంది.

ఇస్కరియోతు యూదా చావు అలాంటిది. మత్తయిలో అతను వెండి నాణేలు దేవాలయంలో పడేసి ఉరిపోసుకుంటాడు, ఆ డబ్బుతో యాజకులు పొలం కొంటారు. అపొస్తలుల కార్యములలో ఆ పొలం అతనే సంపాదించుకుంటాడు, తలకిందుగా పడి నడిమికి పగిలి పోతాడు. ఉరితాడు తెగి పడ్డాడని సండే స్కూల్లో పిల్లలకు చెబుతారు. అసాధ్యమేమీ కాదు. కాకపోతే తాడు తెగిన సంగతి మత్తయిలోనూ లేదు, లూకా రాసిన కార్యములలోనూ లేదు. ఈ రెండు కథలను కలపాలనుకున్నవారి ఆలోచనలో పుట్టింది. దావీదు జనాభా లెక్క తీయించిన కథ మరో రకం. రెండవ సమూయేలు 24:1లో దావీదును పురికొల్పింది యెహోవా కోపం. మొదటి దినవృత్తాంతములు 21:1లో సాతాను. ఇక్కడ నకలు తప్పేమీ లేదు. చెరనుంచి వచ్చాక రాసిన రెండో రచయిత పాత కథను తన కాలపు దైవజ్ఞానంతో తిరిగి చెప్పాడని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. దేవుడు అనుమతించాడు, సాతాను చేశాడు అన్నది పాస్టర్ల జవాబు. యోబు గ్రంథంలో అలాంటి ఏర్పాటే ఉంది కనుక ఈ జవాబును బైబిలుకు బయటి నుంచి తెచ్చినదని అనలేం.

ఇంతవరకు చెప్పిన వాటిలో దేనివల్లా డెల్టాలో ఒక్క సంఘమూ చీలలేదు. యూదా తాడు తెగిందా లేదా అన్నదాన్ని బట్టి ఆదివారం ఎవరూ వేరే మందిరానికి పోరు. బాప్తిస్మం దగ్గరికి వస్తే కథ మారుతుంది.

మత్తయి 28:19లో యేసు చెప్పింది తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామంలోకి బాప్తిస్మం ఇమ్మని. కార్యములు 2:38లో పేతురు యేసుక్రీస్తు నామమున పొందమంటాడు. 8:16లో సమరయలోనూ, 19:5లో ఎఫెసులోనూ ప్రభువైన యేసు నామమే. అమెరికా పెంతెకొస్తుల్లో 1913 తర్వాత దీని మీద పెద్ద చీలిక వచ్చింది, యేసు నామం వారు వేరుపడ్డారు. ఆ బోధ తెలుగు ఊళ్లకూ చేరింది. దాన్ని అందుకున్నవారు త్రియేక నామంలో మునిగినవారిని మళ్లీ కాలువలో ముంచుతారు. ఒకరి జవాబు: నామము అని ఏకవచనం ఉంది, ఆ ఒక్క నామం యేసే. రెండోవారి జవాబు: యేసు నామమున అంటే యేసు అధికారంతో అని, నీళ్లలో పలకవలసిన మాట అది కాదని.

ఈ చర్చలో వేదికల మీద అరుదుగా వినబడే ఒక ఆధారం ఉంది. కాన్‌స్టాంటినోపుల్‌లో గ్రీకు బిషప్పు బ్రియెన్నియోస్ 1873లో కనుగొని 1883లో ప్రచురించిన దిదకే అనే ఆదిమ సంఘ గ్రంథం, సుమారు క్రీ.శ. 100 నాటిదని చాలామంది లెక్క. దాని ఏడో అధ్యాయం తండ్రి కుమార పరిశుద్ధాత్మల నామంలో బాప్తిస్మం ఇమ్మంటుంది. రెండు అధ్యాయాలు దాటాక, ప్రభువు బల్లలో పాలుపంచుకోదగినవారు ఎవరంటే ప్రభువు నామంలో బాప్తిస్మం పొందినవారు అంటుంది. ఒకే పుస్తకంలో రెండు మాటలూ తడుముకోకుండా వచ్చాయంటే, దాన్ని కూర్చినవారికి ఇవి ఒకదాన్నొకటి కొట్టేసేవిగా తోచలేదన్నమాట. పేతురు పెంతెకొస్తు దినాన నీళ్లలో ఏ మాట పలికాడో ఇది రుజువు చెయ్యదు. ఈ తేడాను వైరుధ్యంగా చదవడం ఆదినుంచీ ఉన్నది కాదని చెప్పడానికి మాత్రం సరిపోతుంది.

పసిపిల్లల బాప్తిస్మం దీనికన్నా పాత తగవు. రాజమండ్రిలో 1840లలో ఉత్తర జర్మనీ మిషనువారు మొదలుపెట్టి తర్వాత అమెరికన్ల చేతికి వచ్చిన లూథరన్ సంఘం పసిపిల్లలకు ఇస్తుంది. నరసాపురం బ్రదరన్లు నమ్మి అడిగినవారినే ముంచుతారు. ఫిలిప్పీ చెరసాల నాయకుడు ఇంటివారందరితో బాప్తిస్మం పొందాడన్న వచనం ఇద్దరికీ కావాలి. ఆ ఇంట్లో చంటిబిడ్డ ఉందో లేదో లూకా రాయలేదు. ఒకరు ఉయ్యాల ఊహించుకుంటారు, ఒకరు ఊహించుకోరు.

విశ్రాంతి దినం తగవుకు నరసాపురమే మంచి చోటు. పక్కనే రుస్తుంబాదలో శనివారం ఆచరించే సెవెంత్ డే అడ్వెంటిస్టుల ఫ్లెయిజ్ విద్యాసంస్థ ఉంది. ఊళ్లో ఆదివారం రొట్టె విరిచే బ్రదరన్లున్నారు. పది ఆజ్ఞల్లో ఒకటైన విశ్రాంతి దినాన్ని కొలొస్సయులకు 2:16-17 నీడ అని ఎలా అనగలదు? ధర్మశాస్త్రం ఇశ్రాయేలు యుగానికి చెందిందని, సంఘానిది వేరే యుగమని, తమ తొలి నాయకుల్లో ఒకడైన డార్బీ బోధనుంచి వచ్చిన యుగవిభజనతో బ్రదరన్లు జవాబిస్తారు. కొలొస్సయులలో ఉన్నవి పండుగ విశ్రాంతులే, వారపు విశ్రాంతి కాదని అడ్వెంటిస్టుల సాధారణ జవాబు. కానీ పండుగ, అమావాస్య, విశ్రాంతి అనే అదే వరుస యెహెజ్కేలు 45:17లో కనబడుతుంది, అక్కడ వారపు విశ్రాంతిని మినహాయించడం కష్టం. ఈ ఒక్క వచనం వరకు ఆధారం బ్రదరన్ల వైపు మొగ్గుతుంది. అయితే విశ్రాంతి దినం ఆదివారానికి మారిందని కొత్త నిబంధన ఎక్కడా చెప్పదన్న అడ్వెంటిస్టుల మాటా కాదనలేనిదే.

ఏ వైరుధ్యాన్నీ దాచకుండా ముఖం మీదే చెప్పినవాడు లూథరే. మనిషి నీతిమంతుడయ్యేది విశ్వాసం వల్లనే, క్రియల వల్ల కాదని రోమా పత్రిక. విశ్వాసం మాత్రమే చాలదు, క్రియలు కావాలని యాకోబు పత్రిక. ఇద్దరూ చూపేది అబ్రాహామునే. 1522లో కొత్త నిబంధనకు రాసిన ముందుమాటలో లూథర్ యాకోబును గడ్డిపరక పత్రిక అన్నాడు. ఆయన పేరు మోసే సంఘాలు డెల్టాలో ఆ పత్రికను ప్రేమగానే చదువుకుంటాయి. పౌలు ఖండించింది నీతి సంపాదించే క్రియలనని, యాకోబు ఖండించింది ఫలించని విశ్వాసాన్నని సర్దుకుంటాయి. ఈ సర్దుబాటుకు రెండు పత్రికల్లోనూ చోటు ఉంది. తాడు తెగిన కథకన్నా ఇది ఎంతో నయం.

లూథరన్ల వేదాంత పాఠశాల లూథర్‌గిరిలో బోధకుడిగా పనిచేసిన ముంగమూరి దేవదాసు లూథరన్ సంఘం నుంచి బయటికి వచ్చి 1938లో రాజమండ్రిలో బైబిలు మిషను స్థాపించారు. అక్కడ దారి వేరు: సన్నిధిలో కనిపెట్టి ప్రభువునే అడగడం. సందేహాన్ని వ్యాఖ్యాన గ్రంథాల చేతుల్లోంచి తీసి ప్రార్థన చేతిలో పెట్టే ఈ పద్ధతి చరిత్రకారుడి కొలతకు అందదు; అందుకే దాన్ని తప్పనడానికీ ఒప్పనడానికీ ఆధారం ఉండదు. కతోలికులకు రెండో వాటికన్ సభ 1965లో ఇచ్చిన వీలు మరొకటి: మన రక్షణ కోసం దేవుడు తెలపదలచిన సత్యాన్ని లేఖనం తప్పు లేకుండా బోధిస్తుందన్నారు. అంకెల పేచీ అక్కడ చాలావరకు బరువు కోల్పోతుంది.

బయటి విమర్శ లేకపోలేదు. నాస్తిక భావాల వల్ల 1933లో కాకినాడ పి.ఆర్. కాలేజీ ఉద్యోగం పోగొట్టుకున్న గోరా ఈ నేల మీద పనిచేసినవాడే. బైబిలును విమర్శించిన ‘బైబిలు బండారం’ అనే వేరొకరి పుస్తకం జప్తు వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లి 1959 న్యాయ నివేదికల్లోకి ఎక్కింది. జప్తు వల్ల పుస్తకం ఆగుతుందేమో గాని, అది అడిగిన ప్రశ్నకు జవాబు దొరకదు.

మొదట చెప్పిన అభిప్రాయానికి ఒక పరీక్ష మిగిలింది. మార్కు సువార్త 16వ అధ్యాయం 9 నుంచి 20 దాకా ఉన్న వచనాలు నాలుగో శతాబ్దపు సైనాయి, వాటికన్ ప్రతుల్లో లేవు. అహజ్యా వయసు దిద్దడానికి వాడినవీ పాత ప్రతులే. ఆ దిద్దుబాటును మెచ్చుకున్న ప్రసంగీకుడు ఇక్కడ మాత్రం ప్రతుల మాట ఎత్తడు, ఎత్తినవాడిని అనుమానంగా చూస్తాడు. కారణం ఊహించడం కష్టం కాదు: నమ్మి బాప్తిస్మం పొందినవాడు రక్షింపబడునన్న మాట, కొత్త భాషలు, పాములను ఎత్తిపట్టడం, విషం తాగినా హాని కలగకపోవడం, రోగుల మీద చేతులుంచడం, అన్నీ ఆ పన్నెండు వచనాల్లోనే ఉన్నాయి. నిజానికి అవి పోయినా బాప్తిస్మానికి మత్తయి చాలు, భాషలకు కార్యములు చాలు, పాము కాటుకు మెలితే ద్వీపంలో పౌలు చాలు. విషం తాగినా హాని కలగదన్న ఒక్క మాటకే కొత్త నిబంధనలో ఇంకెక్కడా ఆధారం దొరకదు.